పిడికిలి పెద్దమ్మ, తడి గడియారం

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె పిడికిలి పెద్దమ్మే. ఆ పేరెలా వచ్చిందని అడిగితే ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు. చేలో మట్టి తీసి పిడికిట్లో బిగించి, నీళ్లు పెట్టాలో అక్కర్లేదో చెబుతుంది కాబట్టి అని ఒకరంటారు. పెరట్లో కాసిన నిమ్మకాయ ఒక్కటి అడిగి చూడండి, ఆ పిడికిలి విడుతుందేమో అని ఇంకొకరంటారు. ఈ రెండో మాట పక్క చేను పోస్టుమాన్ పుట్టించింది. ఆయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది గాని, ఉత్తరాలకు బదులు ఊసులు పంచడం మాత్రం మానలేదు.

అసలు సంగతి మొదటిదే లెండి. మిల్లు గోడ దాటాక వాళ్లకొక చిన్న చేను ఉంది. ఒక మూల బావి, బావి పక్కన మోటారు, దానికో రేకుల గూడు. టమాటా వేసినా బీన్సు వేసినా, నీళ్లెప్పుడు పెట్టాలో చెప్పే మనిషి మాత్రం ఆమే. మొక్క మొదట్లో బొరిగెతో జానెడు లోతు తవ్వి, అడుగు మట్టి పిడికెడు తీసి బిగించేది. వేళ్లు విప్పాక మట్టి ముద్దగా నిలిచి, అరచేతికి చల్లదనం అంటితే మోటారు జోలికి పోవద్దనేది. ముద్ద కట్టింది గాని వేలితో తడితే పగిలిందా, రేపు పెడదామనేది. ముద్దే కట్టకుండా రాలిపోయిందా, ఇంకా నిలబడి చూస్తారేం, మోటారు వెయ్యండి అనేది. బతికున్నన్నాళ్లూ ఆమె భర్త ఆ మాట మీదే స్విచ్చి నొక్కాడు. ఆయన పోయాక కొడుకూ అంతే. "తెలీదు" అన్న మాట ఆమె నోట విన్నవాళ్లు లేరు. తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పడం ఆమెకు అలవాటు. అది మంచిదో చెడ్డదో మీరే చూద్దురుగాని.

కొడుకు పాల వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే వెళ్లి, మధ్యాహ్నం దాటాక గాని ఇల్లు చేరడు. అందుచేత సేద్యమంతా కోడలి మీద పడింది. కోడలు దర్జీవాళ్ల పిల్ల. పెళ్లికి ముందు సూదీ దారం తెలుసు గాని పారా గునపం తెలియవు. వచ్చిన కొత్తలో ఉల్లినారంతా పీకేసి గడ్డిని జాగ్రత్తగా మిగిల్చింది. ఆ కథ పోస్టుమాన్ ఇప్పటికీ కొత్తవాళ్లకి చెబుతాడు. కాని పిల్ల గట్టిది. చూస్తూ చూస్తూ అన్నీ నేర్చుకుంది. ఒక్క తడి సంగతి మాత్రం అత్తగారికే వదిలేసింది. రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి అడిగేది:

"నీళ్లు పెట్టాలా అత్తయ్యా?"

పెద్దమ్మకు రోజంతటికీ ఆ ఒక్క ప్రశ్నే పెద్ద గౌరవం. ఆ ప్రశ్న కోసమే మోకాళ్లు నొప్పెట్టినా చేనుదాకా నడిచేది.

అలాంటి మనిషికి చేతి వేళ్లు మొద్దుబారాయి. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది, మాత్రలు గుర్తుంటే వేసుకునేది, లేకపోతే లేదు. మొదట వేళ్ల కొసలు నిద్రపోయినట్టు ఉండేవి. తర్వాత అరచేయి కూడా అంతే అయింది. ఒకరోజు పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించి, తీరిగ్గా కింద పెట్టి, అన్నం వడ్డించింది. కాసేపటికి బొబ్బ లేస్తే అప్పుడు తెలిసింది. ఆ బొబ్బ చూసుకుని ఆమె ఏడ్చింది. నొప్పి పుట్టి కాదు, పుట్టనందుకు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళతారు, అది పరవాలేదు. రేపట్నుంచి ఎవరూ ఏమీ అడగరు, అదీ ఆమె భయం. చెయ్యి పోయిన పిడికిలి పెద్దమ్మ ఇంక దేనికి పెద్దమ్మ?

మనవరాలి సంగతి ఇంకా కష్టం. పాప పాకుతున్న రోజులనుంచీ స్నానం చేయించడం నానమ్మ పనే. ఒక సాయంత్రం వేడినీళ్లలో చన్నీళ్లు తొరిపి, చేత్తో చూసి, సరిపోయాయనుకుని పాప పాదం నీళ్లలో పెట్టింది. పాప కెవ్వుమంది. చటుక్కున లాగేసింది కాబట్టి సరిపోయింది, పాదం ఎర్రబడి ఊరుకుంది. కాని పెద్దమ్మ గుండె చాలాసేపు ఊరుకోలేదు. కోడలు వచ్చి ఏమైందంటే పాప కాలు జారిందని చెప్పింది. ఆ మర్నాటినుంచి ఆమెకు నడుం నొప్పి పట్టుకుంది. స్నానం అనగానే నడుం పట్టుకునేది. తక్కిన పనులకు ఆ నడుం చక్కగా వంగేది.

కోడలికి కళ్లు లేవా? పొద్దంతా చేలో వంగి వంగి పని చేసి, ఇంటికొచ్చి వండి, పిల్ల స్నానం కూడా తనే చూసుకోవలసి వచ్చేసరికి ఆమెకు మనసులో కష్టంగా అనిపించింది. అత్తగారిని ఏమీ అనలేదు. మనుషులు నోరు విప్పకపోతే గిన్నెలు మాట్లాడతాయి. ఆ ఇంట్లో సాయంత్రం పూట గిన్నెలు బాగానే మాట్లాడుకునేవి.

కిందటి పంటకు పెద్దమ్మ ఎప్పటిలాగే మట్టి బిగించింది గాని, ముద్ద చూడకుండా చల్లదనమే వెతికింది. చల్లదనం తెలియని చేతికి మట్టంతా పొడిగానే అనిపిస్తుంది. వెయ్యండి మోటారు అంది. మళ్లీ చూసి మళ్లీ వెయ్యండి అంది. బీన్సు వేళ్లు కుళ్లి, ఆకులు పండుబారి, కాయ పట్టకుండానే సగం చేను పోయింది. వాతావరణం బాగాలేదన్నాడు కొడుకు. విత్తనం మంచిది కాదంది పెద్దమ్మ. కోడలు మాత్రం ఏమీ అనకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఉన్న అర్థం పెద్దమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ తర్వాత కోడలు రైతుల శిక్షణకని పట్నం వెళ్లి, ఒక గొట్టం తెచ్చింది. గాజులా కనిపించే ప్లాస్టిక్ గొట్టం. అడుగున సుద్దలాంటి మట్టి మొన, పక్కన చిన్న గడియారం లాంటి బిళ్ల, దాన్లో ఒక ముల్లు. గొట్టం నిండా నీళ్లు పోసి మూత బిగించి, మొన వేళ్ల దగ్గర ఉండేలా భూమిలో పాతాలి. నేల ఎండితే మొనలోంచి నీటిని పీలుస్తుంది, ఆ పీల్పును ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎడమ చివర నీలం రంగు దగ్గర ఉంటే నేలలో తడి ఉన్నట్టు. కుడివైపు ఎరుపులోకి పోతే మొక్కకు దాహం వేసినట్టు. టమాటా నారు నాటగానే దాన్ని చేను మధ్యలో పాతింది.

"ఏమిటే అమ్మాయ్ ఇది?" అంది పెద్దమ్మ.

"తడి గడియారం అత్తయ్యా. మీ చెయ్యి ఉండనే ఉంది, దీన్ని కూడా ఒక మాట అడుగుదామని."

"అడుగు అడుగు. గొట్టానికేం తెలుస్తుంది పాపం, అది చేను దున్నిందా, కలుపు తీసిందా?"

పక్క గట్టు మీదినుంచి పోస్టుమాన్ అందుకున్నాడు. "పెద్దమ్మా, నీకు తోడికోడలు వచ్చిందిగా. ఒంటికాలి మీద నిలబడింది చూడు, పని మానేసి కూర్చునే రకం కాదు."

పెద్దమ్మ రెండు రోజులు గొట్టంవైపు చూడలేదు. మూడో రోజు చూసింది. చూసి, కోడలు రాకముందే దగ్గరికెళ్లి కూర్చుంది. ముల్లు నీలానికీ ఎరుపుకీ మధ్య ఉంది. కోడలు వచ్చేవేళకు పెద్దమ్మ లేచి, దూరంగా వేరే నీటి బోదె దగ్గర తవ్వి, మట్టి బిగించి, ముఖం గంభీరంగా పెట్టి, "ఇవాళ వద్దు. రేపు చూద్దాం" అంది. కోడలు వెళ్లి గడియారం చూసి వచ్చింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం పెద్దమ్మ గమనించకపోలేదు.

"అదీ అదే అంటోంది అత్తయ్యా."

"అనక చస్తుందా?" అంది పెద్దమ్మ.

ఇక అక్కణ్నుంచి నాటకం మొదలైంది. రోజూ ముందుగా వచ్చి ముల్లు చూడడం, కోడలు వచ్చాక మట్టి బిగించడం, ముల్లు చెప్పిన మాటే చేతి మాటగా చెప్పడం. అంకెలతో పని లేదు, రంగులు చాలు. చూపంతా అంతకుముందే ముల్లు మీద అయిపోయేది. బిగించిన మట్టి ముద్ద కట్టిందో రాలిందో కూడా చూడకుండా విసిరేసేది. చేతి మీద నమ్మకం పోయాక మట్టివైపు చూడడం కూడా మానేసిందన్న మాట. అదే ఆమె చేసిన అసలు పొరపాటు. చెయ్యి పోయినా కళ్లు ఉన్నాయి కదా, అవి ఆమెకు గుర్తు రాలేదు.

టమాటా బ్రహ్మాండంగా వచ్చింది. అత్తగారి చెయ్యీ గడియారం ముల్లూ ఒక్క రోజు కూడా తేడా పడలేదని కోడలు నలుగురితో చెప్పింది. కొడుకైతే పాల కేంద్రంలో కనిపించినవాడికల్లా చెప్పాడు. కిందటి పంటప్పుడు అత్తగారిని లోలోపల అనుమానించినందుకు కోడలు సిగ్గుపడింది కూడా. ఒకరోజు ఆ మాట పైకే అంది. "మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను అత్తయ్యా." పెద్దమ్మ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. కాని మర్నాడు పొద్దున్నే గట్టు మీద అదే ప్రశ్న వినిపించేసరికి, ఇంకొక్క రోజు అనుకుంది.

ఇంతలో ఆమెకు ఆ గొట్టం మీద ప్రేమ కూడా పుట్టింది. ఎందుకు పుట్టదు, పరువు నిలబెడుతున్నది అదేగా. ఎండలో నిలబడి పాపం మాడిపోతోందనుకుంది. పాత దుప్పటి ముక్క తీసుకుని, వేళ్లకు సూది గుచ్చుకున్నా తెలియకపోవడంతో అక్కడక్కడా నెత్తుటి చుక్కలు పడుతుండగా, ఒక తొడుగు కుట్టింది. మూతనుంచి నేలదాకా గొట్టం మొత్తానికి ఆ తొడుగు తొడిగి, ముల్లు బిళ్ల ఒక్కటే బయటికి కనిపించేలా కన్నం పెట్టింది. దర్జీవాళ్ల పిల్లకు ఆ వంకర కుట్లు చూసి నవ్వొచ్చింది, మనసు కరిగింది కూడా. అత్తగారు అంత ఇష్టపడి కుట్టినదాన్ని తీసేయమనడానికి నోరు రాలేదు. గొట్టంలో నీళ్లు తగ్గినప్పుడల్లా తొడుగు పైకెత్తి, మూత తీసి, తనే నింపేది.

ఎండలు ముదిరి, కాయలు గోలీలంత అయిన సమయంలో పాపకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరం కాదు, ఆసుపత్రిలో చేర్చమన్నారు. కోడలు బిడ్డతో పట్నంలో ఉండిపోయింది. కొడుకు వ్యానుకూ ఆసుపత్రికీ మధ్య పరుగులు పెట్టాడు. వెళ్లేటప్పుడు కోడలు అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది.

"చేను మీదే అత్తయ్యా. గడియారం ఎలాగూ ఉంది, అంతకన్నా మీ చెయ్యి ఉంది."

గొట్టంలో నీళ్లు నింపమని చెప్పడం ఆ కంగారులో మర్చిపోయింది. పెద్దమ్మ ఆ నీళ్లవైపు ఎప్పుడూ చూసిందీ లేదు. గొట్టంతో తనకేం పని అన్నట్టు నటించేది కదా, కోడలు నింపేటప్పుడు ముఖం అటు తిప్పుకునేది.

ముల్లు ఎరుపులోకి పోయిన రోజున పెద్దమ్మ మోటారు వెయ్యబోయింది. కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. ఆమె ఇంటికీ చేనుకూ తిరుగుతూ కాలుగాలిన పిల్లి అయింది. కరెంటు వచ్చిన పొద్దున పరుగున వచ్చి చూస్తే, ముల్లు నీలంలో ఉంది. వాన పడలేదు, నీళ్లు పెట్టలేదు. మరి తడెక్కణ్నుంచి వచ్చింది? చుట్టూ చూసింది. పై గట్టున పోస్టుమాన్ డీజిల్ ఇంజనుతో తన చేనుకు నీళ్లు పెడుతున్నాడు. అటునుంచి ఊట దిగి ఉంటుందనుకుంది. మనసు కోరుకున్న మాట ఎవరు చెప్పినా నిజంలాగే వినిపిస్తుంది. హమ్మయ్య అనుకుని మోటారు వెయ్యకుండా ఇంటికి పోయింది.

ఆ తర్వాత రోజూ నీలమే. "చేనెలా ఉందమ్మా?" అని కొడుకు ఫోను చేస్తే, "తడి పుష్కలం. పాప సంగతి చూడండి ముందు" అనేది.

పాప జ్వరం తగ్గి ఇల్లు చేరిన మర్నాడు పొద్దున్నే కోడలు చేనుకు వచ్చింది. వచ్చి గట్టు మీదే ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండకు టమాటా ఆకు వాలడం మామూలే, సాయంత్రానికి లేస్తుంది. పొద్దున్నే వాలి ఉందంటే మొక్కకు ప్రాణం మీదికి వచ్చినట్టు. చేనంతా తల వేలాడేసి ఉంది. పూత రాలి బోదెల్లో పడి ఉంది. పరుగున వెళ్లి గడియారం చూసింది. నీలం.

"అత్తయ్యా, మీ చెయ్యేమంటోంది?"

పెద్దమ్మ మట్టి తీసి బిగించి విసిరేసింది. "తడుందే" అంది.

తడి ఉండీ మొక్క వాలిందంటే వేరు కుళ్లు. కిందటి పంట అలాగే పోయింది కాబట్టి అందరికీ అదే తోచింది. ఎరువుల కొట్టాయన వచ్చి ఆకు చూసి, గడియారం చూసి, అదే మాట అన్నాడు. "నీళ్ల చుక్క పడనివ్వకండి. వాలిన మొక్కలు పీకి దూరంగా కాల్చెయ్యండి, లేకపోతే మిగతావాటికి అంటుకుంటుంది." ఆయన తప్పేమీ లేదు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే ఎవరైనా నమ్ముతారు. ఆ సాయంత్రమూ, మర్నాడూ నీళ్లు పెట్టలేదు. ప్రాణం పోతున్నవాడి నోటికి గుడ్డ కట్టినట్టయింది.

మూడో రోజు కొడుకు వ్యాను పనికి సెలవు పెట్టి, కిందివైపు బోదెల్లో మొక్కలు పీకడం మొదలుపెట్టాడు. కాయలతో ఉన్న మొక్కలు. పీకి గట్టు మీదికి విసురుతున్నాడు, ఎవరి ముఖమూ చూడడం లేదు. కోడలు వాటిని పోగు చేస్తోంది. పెద్దమ్మ మోటారు గూటి నీడలో కూర్చుని ఉంది. ఒక మొక్క వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది. పడగానే దాని వేళ్లనుంచి దుమ్ము లేచింది.

ఆమె ఆ మొక్కను ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు తెల్లగా ఉన్నాయి. కుళ్లిన వేరు నల్లగా మెత్తగా ఉంటుంది, పట్టుకుంటే తోలు ఊడి వస్తుంది. ఇది విరిస్తే పుటుక్కున విరిగింది. లేచి వెళ్లి బొరిగెతో తవ్వింది. జానెడు కాదు, మోచెయ్యి దిగేదాకా తవ్వింది. పిడికెడు తీసి బిగించి, చాలా కాలం తర్వాత మొదటిసారి వేళ్లు విప్పి మట్టిని కళ్లతో చూసింది. ముద్ద కట్టలేదు. వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది, గాలికి కొంత ఎగిరి ఆమె ముఖం మీదే పడింది.

గడియారంవైపు చూసింది. నీలం. ఈ ముండ అబద్ధం చెబుతోందని అప్పుడు అర్థమైంది. తను కూడా దాని గొంతుతోనే అబద్ధం చెప్పిందని వెంటనే అర్థమైంది. అటు కొడుకు ఇంకో మొక్క పీకాడు.

"ఆగరా" అంది పెద్దమ్మ. "పీకొద్దు. మోటారు వెయ్యి."

కొడుకు నడుం ఎత్తి చూశాడు. కోడలు దగ్గరికొచ్చింది.

"మొన్న తడుందన్నారు కదా అత్తయ్యా."

"ఇవాళ నా చెయ్యి పొడంటోంది."

"రెండు రోజులకే అంత పొడైపోతుందా? గడియారం ఇప్పటికీ తడే అంటోంది." ఆసుపత్రి నిద్రలేమి, బిడ్డ దిగులు, ఇప్పుడీ చేను, అన్నీ కోడలి గొంతులో ఉన్నాయి. "ఇప్పుడు నీళ్లు పెట్టి, అది కుళ్లే అయితే మిగతావి కూడా పోతాయి. మీ చెయ్యి తడంది, గడియారం తడంది. రెండూ తప్పంటే నేనిక దేన్ని నమ్మను?"

పరువు దక్కించుకుంటూ చేను దక్కించుకునే దారి ఏదైనా ఉందేమోనని పెద్దమ్మ ఒక్క క్షణం వెతికింది. లేదు. తను అల్లిన అబద్ధమే తనకు అడ్డం నిలబడింది.

"రెండు కాదే అమ్మాయ్. ఒక్కటే."

"ఏమిటి ఒక్కటే?"

"నా చేతికేమీ తెలియడం లేదు." మట్టి అంటిన రెండు చేతులూ ముందుకు చాపింది. "తడీ తెలీదు, పొడీ తెలీదు, వేడీ తెలీదు. మొద్దుబారిపోయాయి. ఇన్నాళ్లూ ముందొచ్చి ఆ ముల్లు చూసి, మీకు నా చెయ్యి చెప్పినట్టు చెప్పాను. కిందటి బీన్సు పంట కూడా ఈ చేతులే ముంచాయి. నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు మోటారు వెయ్యండి. ఈ వేరు చూడు, తెల్లగా ఎలా ఉందో."

కోడలు వేరు అందుకుని చూసింది. తవ్విన గుంతలో చెయ్యి పెట్టి చూసింది. తర్వాత గడియారం దగ్గరికి నడిచి, ఆ వంకర కుట్ల తొడుగు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గొట్టంలో చుక్క నీరు లేదు. అప్పుడు ఆమెకు శిక్షణలో చెప్పిన మాట గుర్తుకొచ్చి తల పట్టుకుంది. నేల మరీ ఎండితే గొట్టంలో నీళ్లన్నీ తాగేస్తుంది, లోపలికి గాలి దూరుతుంది, లాగే నీళ్లే లేక ముల్లు తిరిగొచ్చి నీలంలో పడుతుంది. మరీ ఎండిన నేలా, బాగా తడిసిన నేలా దానికి ఒక్కలాగే కనిపిస్తాయి.

"నింపమని చెప్పాల్సింది నేను" అంది కోడలు. "వచ్చిన రోజైనా తొడుగెత్తి చూడాల్సింది."

"నేనైనా ఒక మొక్క పీకగానే వేరు చూడాలిగా" అన్నాడు కొడుకు. "తిలాపాపం తలా పిడికెడు. పదండి, పదండి." పరిగెత్తుకెళ్లి మోటారు వేశాడు.

నీళ్లు బోదెల్లోకి దిగాయి. నేల ఎంత ఎండిందంటే, నీళ్లు ముందుకు నడవకుండా ఉన్నచోటే సుయ్యిమని ఇంకిపోతున్నాయి. ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. మొదటి బోదె తడిశాక కోడలే అడిగింది.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"పాప కాలు ఎర్రబడిందే, ఆ రోజుకి ముందునుంచే."

కోడలు తలెత్తింది. "కాలు జారిందన్నారు."

"జారలేదు. నీళ్లు కాలిపోతున్నాయి, నా చేతికి తెలియలేదు." పెద్దమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. "మళ్లీ ఎప్పుడైనా ఒళ్లంతా పోసేస్తానేమోనని భయమేసింది. అందుకే నడుం నొప్పన్నాను. నడుముకేం రోగం, రాయిలా ఉంది."

ఇన్నాళ్లూ సాయంత్రాలు తను మోగించిన గిన్నెలన్నీ కోడలి చెవుల్లో మోగి ఉంటాయి. అత్తగారి చెయ్యి తీసుకుని, ఆ వేళ్ల కొసల మీది సూదిపోట్లు ఒక్కొక్కటే చూసింది. తర్వాత తన చేతి గుడ్డతో ఆ మట్టి తుడిచింది. పెద్దమ్మకు ఆ స్పర్శ తెలియలేదు గాని, తుడుస్తున్న మనిషి ముఖం కనిపించింది. అది చాలింది.

పైవైపు బోదెలు రెండు మూడు రోజుల్లో తల ఎత్తాయి. కిందివైపు చాలావరకు పోయాయి, పీకినవి పోగా మిగిలినవీ కొన్ని నిలవలేదు. డాక్టరు పెద్దమ్మ చేతులు చూసి, మాత్రలు మానకుండా వేసుకోమని గట్టిగా చీవాట్లు పెట్టాడు. పోయిన స్పర్శ వస్తుందని మాత్రం చెప్పలేదు. పోస్టుమాన్‌కు సంగతి తెలిసింది, తెలియకుండా ఉంటుందా. కాని ఆశ్చర్యం, ఆ కథ మాత్రం ఆయన ఎవరికీ పంచలేదు. మర్నాడు గట్టు మీద నిలబడి, "పెద్దమ్మా, నాకూ ఎడమ చెవి వినపడదు. నువ్వూ ఎవరికీ చెప్పకు" అని వెళ్లిపోయాడు.

తొడుగు తీసేశారు. ఇప్పుడు గొట్టంలో నీళ్లు రోజూ చూసేది పెద్దమ్మే. చూసి, మట్టి కూడా తవ్వుతుంది. బిగించి, వేళ్లు విప్పి, ముద్ద కట్టిందో లేదో కళ్లతో చూస్తుంది. కోడలు గట్టు మీద నిలబడి ఎప్పటిలాగే అడుగుతుంది. నిజం బయటపడ్డాక మొదటిసారి అలా అడిగిన రోజున పెద్దమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ముద్ద కట్టీ కట్టనట్టుంది, ముల్లు మధ్యలో ఉంది. "సరిగ్గా తెలియడం లేదే, నువ్వూ వచ్చి చూడు" అంది. ఆ ఇంట్లో అలాంటి మాట వినడం అదే మొదలు.

ఆ సాయంత్రం కోడలు పెరట్లో వేడినీళ్లు తొరిపి, పాపను పీట మీద కూర్చోబెట్టి, "అత్తయ్యా, ఒకసారి రండి" అని పిలిచింది.

పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. చెయ్యి అలవాటుగా నడుం మీదికి పోయింది.

"చేత్తో కాదు. మోచేత్తో చూడండి. మోచేతికి తెలుస్తుందేమో."

పెద్దమ్మ వచ్చి వంగి, మోచెయ్యి నీళ్లలో ముంచింది. కాసేపు అలాగే ఉంచింది. తెలిసింది. గోరువెచ్చగా, హాయిగా తెలిసింది. ఇంకోసారి ముంచింది, నమ్మకం కుదరక మూడోసారి కూడా ముంచింది. కోడలు తను కూడా ఒక వేలు ముంచి చూసి, తల ఊపి, చెంబు ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

మొదటి చెంబు నీళ్లు వీపు మీద పడగానే పాప వెనక్కి తిరిగి, నీళ్లు కారుతున్న ముఖంతో నానమ్మను పరీక్షగా చూసింది.

"నానమ్మా, నీ నడుం నొప్పి తగ్గిందా?"

"తగ్గిందమ్మా" అంది పెద్దమ్మ. "పూర్తిగా తగ్గింది."